రెండు డిస్కులు, రెండు గ్రబ్‌లు: బూట్ కాని ఒక ఇంటి కంప్యూటర్ కేసు

పొద్దున్నే బాబాయ్ ఫోన్. "ఒరేయ్, కంప్యూటర్ నల్ల స్క్రీన్ మీద ఏదో రాసి ఆగిపోయింది. విండోసూ రావట్లేదు, లినక్సూ రావట్లేదు. నిన్న రాత్రి బాగానే ఉంది."

స్క్రీన్ మీద ఏముందో అక్షరం అక్షరం చదవమన్నాను. బూట్ సమస్యల్లో నేను మొదట చేయించే పని ఇదే. "ఏదో ఎర్రర్ వచ్చింది" అని చెబితే డాక్టరుతో "ఎక్కడో నొప్పి" అన్నట్టే. బాబాయ్ కళ్లజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివాడు: "ఎర్రర్, సింబల్ గ్రబ్ అండర్‌స్కోర్ క్యాలాక్ నాట్ ఫౌండ్. ఎంటరింగ్ రెస్క్యూ మోడ్." దాని కింద "గ్రబ్ రెస్క్యూ" అనే ప్రాంప్ట్, పక్కన మిణుకుమంటున్న గీత. గ్రబ్ అంటే కంప్యూటర్ ఆన్ కాగానే మెనూ చూపించి, లినక్స్‌నో విండోస్‌నో లేపే చిన్న ప్రోగ్రాం.

ఇది 2020 ఆగస్టు నాటి కేసు. నేను ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేస్తుంటాను. డ్యుయల్ బూట్ కేసులు, అంటే ఒకే కంప్యూటర్లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్నవి, చాలానే చూశాను కానీ, దీన్ని మాత్రం నోట్సులో పూర్తిగా రాసి పెట్టుకున్నాను. ఎందుకంటే ఇందులో ఏదీ పాడవలేదు. డిస్క్ బాగుంది, పార్టిషన్లు బాగున్నాయి, విండోస్ బాగుంది, లినక్స్ కూడా బాగుంది. అయినా ఏదీ తెరుచుకోలేదు. పైగా దీనికి బీజం వేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

యంత్రం గురించి

పాత డెస్క్‌టాప్. మదర్‌బోర్డుకు యూఈఎఫ్ఐ (కంప్యూటర్‌ను లేపే కొత్త తరం ఫర్మ్‌వేర్) ఉంది, కానీ విండోస్ 10 మొదట్లోనే లెగసీ, అంటే పాత బయోస్ పద్ధతిలో ఎక్కింది. అందుకే డిస్కులు రెండూ ఎంబీఆర్ అనే పాతరకం పార్టిషన్ టేబుల్‌తోనే (డిస్క్ ఏయే భాగాలుగా ఉందో రాసి ఉండే పట్టిక) ఉన్నాయి. ఒకటి ఎస్ఎస్‌డీ, అందులో విండోస్. రెండోది 1 టీబీ హార్డ్ డిస్క్, అందులో సగం ఫొటోలూ లెక్కల ఫైళ్లూ, మిగతా సగంలో డెబియన్ వంశానికి చెందిన ఒక లినక్స్. లినక్స్ మా తమ్ముడు, అంటే బాబాయ్ కొడుకు, తన చదువు కోసం వేయించుకున్నది. వేసింది నేనే. గ్రబ్‌ను అప్పట్లో ఎస్ఎస్‌డీ మీద పెట్టాను, బయోస్ ముందుగా చూసేది దాన్నే కాబట్టి.

తర్వాత ఎస్ఎస్‌డీలో చోటు చాలకపోతే పెద్దది కొని, పాతదాన్ని మొదటి సెక్టార్ నుంచి చివరిదాకా ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి క్లోన్ చేశాను. రీస్టార్ట్ చేస్తే మెనూ వచ్చింది, రెండు సిస్టమ్‌లూ తెరుచుకున్నాయి. పని అయిపోయిందనుకున్నాను. అయిపోలేదు.

ఫోన్ మీద గడిచిన గంట

ముందుగా ఒక మాట. "గ్రబ్" అని మాత్రమే ఉన్న ప్రాంప్ట్ వేరు, "గ్రబ్ రెస్క్యూ" అని ఉన్నది వేరు. మొదటిదానిలో గ్రబ్ పూర్తిగా లేచి కూర్చుంది, కాకపోతే మెనూ రాసి ఉన్న ఫైలు దానికి దొరకలేదు. రెండోదానిలో అది సగమే లేచింది. తన మిగతా భాగాలను డిస్క్ నుంచి తెచ్చుకోలేక, ఉన్న నాలుగైదు కమాండ్లతో సరిపెట్టుకుంటోంది. యూఈఎఫ్ఐ యంత్రాల్లో, ముఖ్యంగా సంతకం చేసిన గ్రబ్ ఉన్నచోట, సాధారణంగా మొదటి రకం ప్రాంప్టే కనిపిస్తుంది. రెస్క్యూ కనిపించిందంటే పాత పద్ధతి బూట్ అయి ఉండే అవకాశమే ఎక్కువ.

రెస్క్యూ ప్రాంప్ట్ వచ్చిందంటే లినక్స్ పార్టిషన్‌ను ఎవరో చెరిపేశారని అనుకోవడం మామూలు. నేనూ అదే అనుకున్నాను. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పేరు లేని పార్టిషన్ కనిపిస్తే "ఇదేదో ఖాళీగా ఉందే" అని తీసేసినవాళ్లను చూశాను. బాబాయ్‌ని అడిగితే ఒట్టేసి చెప్పాడు, తాను దేన్నీ ముట్టుకోలేదని.

"అయితే ఎల్, ఎస్ కొట్టి ఎంటర్ నొక్కు బాబాయ్."

డిస్కులూ పార్టిషన్లూ వరుసగా వచ్చాయి. హెచ్‌డీ0లో, అంటే ఎస్ఎస్‌డీలో, రెండు పార్టిషన్లు, హెచ్‌డీ1లో, అంటే హార్డ్ డిస్క్‌లో, మూడు. అంటే హార్డ్ డిస్క్ కేబుల్ ఊడలేదు, పార్టిషన్ టేబుల్ చెడలేదు. తర్వాత "సెట్" కొట్టించాను. ప్రిఫిక్స్, అంటే గ్రబ్ తన మిగతా భాగాల కోసం వెతికే చోటు, దగ్గర హెచ్‌డీ1, ఎంఎస్‌డాస్5, బూట్, గ్రబ్ అని ఉంది. లినక్స్ ఉన్న చోటు సరిగ్గా అదే. ఇప్పుడు ఆ పార్టిషన్ లోపల ఏముందో చూడాలి. అక్కడ బాబాయ్‌కి బ్రాకెట్లతో యుద్ధం మొదలైంది. బ్రాకెట్‌కీ డిస్క్ పేరుకీ మధ్య స్పేస్ పెట్టాడు, చివరి స్లాష్ మరిచిపోయాడు. నాలుగోసారికి జాబితా వచ్చింది.

"లాస్ట్ ప్లస్ ఫౌండ్ అంటోంది రా. పోయినవి దొరికినట్టేనా?"

నవ్వొచ్చింది గానీ, ఒక రకంగా ఆయన అన్నది నిజమే. లాస్ట్ ప్లస్ ఫౌండ్, ఈటీసీ, హోమ్, బూట్ అని ఫోల్డర్లన్నీ కనిపిస్తున్నాయి. గ్రబ్ ఆ పార్టిషన్‌ను చూడగలుగుతోంది, చదవగలుగుతోంది. అయినా లేవట్లేదు.

రెస్క్యూ ప్రాంప్ట్‌కు అందరూ చెప్పే మందు ఒకటుంది. ప్రిఫిక్స్ సరిచేసి, ఇన్స్‌మాడ్ నార్మల్ అని కొట్టి, ఆ తర్వాత నార్మల్ అని కొట్టడం. చోటు తప్పుగా రాసి ఉన్నప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. ఇక్కడ చోటు తప్పు కాదు కదా. అయినా అలవాటు కొద్దీ కొట్టించాను. మళ్లీ అదే ఎర్రర్, గ్రబ్_క్యాలాక్ దొరకలేదని. ఆ సమాధానాన్ని అప్పుడే పట్టించుకుని ఉంటే నాకు ఒక పూట మిగిలేది. ఫైలు లేకపోతే "ఫైల్ నాట్ ఫౌండ్" అనేది. అది "సింబల్" దొరకలేదంటోంది. అంటే ఫైలు దొరికింది, తెరిచింది, లోపల ఉన్న ఒక ఫంక్షన్ పేరు మాత్రం దానికి తెలియలేదు.

నేను ఆ మాట దగ్గర ఆగలేదు. "సాయంత్రం వస్తాను బాబాయ్, అప్పటిదాకా ఎవరేం చెప్పినా ఏమీ చేయకు" అని పెట్టేశాను. ఆ ఒక్క సలహా మాత్రం సరైనదే ఇచ్చాను.

లైవ్ యూఎస్‌బీతో చేయబోయిన పొరపాటు

సాయంత్రం లైవ్ లినక్స్ యూఎస్‌బీ, అంటే కంప్యూటర్ డిస్క్‌తో పని లేకుండా నేరుగా లినక్స్ తెరిచేది, పట్టుకెళ్లాను. బూట్ మెనూలో ఆ యూఎస్‌బీ పేరు రెండుసార్లు ఉంది. ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంది, రెండోదాని ముందు ఏమీ లేదు. బాబాయ్‌తో మాట్లాడుతూ పైదాన్ని నొక్కేశాను. డెస్క్‌టాప్ వచ్చాక హార్డ్ డిస్క్‌లోని లినక్స్‌ను మౌంట్ చేసి, గ్రబ్‌ను డిస్క్ మీద రాసే గ్రబ్-ఇన్‌స్టాల్ అనే కమాండ్ కొట్టాను. ఈఎఫ్ఐ డైరెక్టరీ దొరకలేదని తిప్పికొట్టింది.

ఇక్కడ చాలామంది చేసేది ఏమిటంటే, "ఓహో, ఈఎఫ్ఐ పార్టిషన్ లేదన్నమాట" అని డిస్క్‌లో చోటు కోసి ఒకటి తయారుచేయడం. నిజానికి సమస్య డిస్క్‌ది కాదు, లైవ్ యూఎస్‌బీని తెరిచిన పద్ధతిది. యూఈఎఫ్ఐ పద్ధతిలో తెరిస్తే గ్రబ్-ఇన్‌స్టాల్ కూడా యూఈఎఫ్ఐ రకం గ్రబ్‌నే వేయబోతుంది. ఏ పద్ధతిలో ఉన్నామో తెలుసుకోవడానికి /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉందో లేదో చూస్తే చాలు. ఉంటే యూఈఎఫ్ఐ, లేకపోతే లెగసీ. అరక్షణం పని. నేను ఆ అరక్షణం పెట్టలేదు.

ఆ ఎర్రర్ వచ్చాక చేయి వెనక్కి తీసుకున్నాను. కీబోర్డు పక్కకు జరిపి కాగితం మీద గీసుకున్నాను: బయోస్ దేన్ని చదువుతుంది, అది దేన్ని పిలుస్తుంది, అది మళ్లీ దేన్ని పిలుస్తుంది అని.

పాత పద్ధతిలో బయోస్ చేసేది చాలా చిన్న పని. తన వరుసలో మొదటి డిస్క్‌లోని మొదటి సెక్టార్‌ను, అంటే 512 బైట్లను, చదివి దానికి పగ్గాలు అప్పజెబుతుంది. అందులో కోడ్‌కు దక్కేది 446 బైట్లు. 64 బైట్లు పార్టిషన్ టేబుల్‌కు, చివరి 2 బైట్లు ఇది బూట్ సెక్టార్ అని తెలిపే గుర్తుకు పోతాయి. అంత చిన్న చోట గ్రబ్ పట్టదు. అందుకే అక్కడ ఒక చిన్న ముక్కను పెట్టి, అసలు గుండెకాయను, అంటే కోర్ ఇమేజ్‌ను, మొదటి పార్టిషన్‌కు ముందున్న ఖాళీలో దాస్తారు. ఈ రోజుల్లో మొదటి పార్టిషన్ 2048వ సెక్టార్ దగ్గర మొదలవుతుంది కాబట్టి అక్కడ ఒక ఎంబీ దాకా చోటు ఉంటుంది. కోర్ లేచి, లినక్స్ పార్టిషన్‌ను వెతికి, అక్కడి /బూట్/గ్రబ్ ఫోల్డర్ నుంచి మాడ్యూళ్లను తెచ్చుకుంటుంది. మెనూ చూపించేది ఆ మాడ్యూళ్లే.

అంటే గ్రబ్ ఒకే చోట ఉండదు. కోర్ ఏ ఫైల్ సిస్టమ్‌లోనూ లేకుండా డిస్క్ మొదట్లో ఉంటుంది. మాడ్యూళ్లు లినక్స్ పార్టిషన్‌లో మామూలు ఫైళ్లుగా ఉంటాయి. ఈ రెండూ ఒకే వెర్షన్‌వి అయి ఉండాలి. లేకపోతే తాళం ఒక ఇంటిది, చెవి ఇంకో ఇంటిది అవుతుంది.

గీత గీస్తుండగానే అర్థమైంది. లేచి రీస్టార్ట్ చేసి, ఎఫ్11 నొక్కి, బూట్ మెనూలో యూఎస్‌బీని కాకుండా హార్డ్ డిస్క్‌ను ఎంచుకున్నాను.

మెనూ వచ్చింది. లినక్స్ తెరుచుకుంది. రీస్టార్ట్ చేసి మళ్లీ అలాగే వెళ్లి విండోస్ నొక్కితే అదీ తెరుచుకుంది. బాబాయ్ నా వెనకే నిలబడి చూస్తున్నాడు. "అంతేనా?" అన్నాడు. అంతే. ఒక్క మీట. పొద్దున ఫోన్‌లోనే చెప్పగలిగిన మీట. చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

ఎందుకు జరిగిందో తేల్చుకోవడం

తెరుచుకున్నంత మాత్రాన కేసు మూసేయలేం. ఎందుకు తెరుచుకుందో తెలియని తలుపు మళ్లీ ఎప్పుడు మూసుకుంటుందో తెలియదు. లినక్స్‌లోకి వెళ్లి మూడు విషయాలు చూశాను.

మొదటిది, ఆప్ట్ (లినక్స్‌లో అప్‌డేట్లు వేసే ప్రోగ్రాం) చరిత్ర లాగ్. ముందు రోజు సాయంత్రం గ్రబ్ ప్యాకేజీ కొత్త వెర్షన్‌కు మారింది. 2020 జూలై 29న బూట్‌హోల్ అనే లోపం బయటపడింది. గ్రబ్ తన మెనూ ఫైలును చదివేటప్పుడు జరిగే బఫర్ ఓవర్‌ఫ్లో, అంటే కేటాయించిన మెమరీ హద్దు దాటి రాసేయడం, అది. దానితోపాటే మరికొన్ని మెమరీ లోపాలనూ సరిదిద్దుతూ పెద్ద డిస్ట్రోలు (లినక్స్ రకాలు) కొత్త గ్రబ్ విడుదల చేశాయి. మెమరీ అడిగే దగ్గర లెక్క పొంగిపోకుండా చూసే గ్రబ్_క్యాలాక్ అనే ఫంక్షన్ ఆ విడతలోనే కోర్‌లోకి వచ్చింది. కొత్త మాడ్యూళ్లు దాన్ని పేరు పెట్టి పిలుస్తాయి. పాత కోర్‌కు ఆ పేరే తెలియదు.

రెండోది, రెండు డిస్కుల మొదటి సెక్టార్లు. డీడీ అనే కమాండ్‌తో ఒక్క సెక్టార్ చదివించి స్ట్రింగ్స్ అనే కమాండ్‌కు పంపితే అందులోని అక్షరాలు కనిపిస్తాయి. ఎస్ఎస్‌డీలో గ్రబ్, జియోమ్, హార్డ్ డిస్క్, రీడ్, ఎర్రర్ అనే మాటలు వచ్చాయి. హార్డ్ డిస్క్‌లోనూ అవే. విండోస్ పెట్టే ఎంబీఆర్ అయితే ఇన్వాలిడ్ పార్టిషన్ టేబుల్, మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టమ్ లాంటి మాటలు ఉంటాయి. అంటే ఈ కంప్యూటర్లో గ్రబ్ రెండు చోట్ల ఉంది. నేను పెట్టింది ఒక్కచోటే.

మూడోది, అప్‌డేట్ వచ్చినప్పుడు కోర్‌ను ఏ డిస్క్ మీద రాయాలో ఆ డిస్ట్రో గుర్తుపెట్టుకునే చోటు. డెబ్‌కాన్ఫ్-షో గ్రబ్-పీసీ అని కొడితే ఇన్‌స్టాల్ డివైజెస్ అనే వరుస వస్తుంది. అక్కడ ఒక్క హార్డ్ డిస్క్ పేరే ఉంది. లినక్స్ డిస్కులకు పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేరు కాదు, మోడల్, సీరియల్ నంబరుతో సహా.

కథ అంతా ఆ సీరియల్ నంబరు దగ్గరే ఉంది. క్లోన్ చేసినప్పుడు డిస్క్‌లోని ప్రతి బైటూ కొత్తదానిలోకి వెళ్తుంది, సీరియల్ నంబరు వెళ్లదు. అది డిస్క్ ఒంటి మీద పుట్టుమచ్చ లాంటిది. కొత్త ఎస్ఎస్‌డీ వచ్చాక వచ్చిన తొలి గ్రబ్ అప్‌డేట్‌లో, పాత డిస్క్ కనబడట్లేదు, ఇక నుంచి ఎక్కడ రాయమంటారు అని ఒక పెట్టె వచ్చి ఉంటుంది. తమ్ముడికి ఫోన్ చేసి అడిగాను.

"ఆఁ, వచ్చింది అన్నయ్యా. లినక్స్ ఉన్నది హార్డ్ డిస్క్‌లో కదా అని దానికి టిక్ పెట్టాను. తప్పా?"

తప్పు కాదు. నన్నడిగితే అదే మంచి ఎంపిక. కాకపోతే ఆ క్షణం నుంచి అప్‌డేట్లన్నీ హార్డ్ డిస్క్‌లోని గ్రబ్‌కే వెళ్లాయి, బయోస్ మాత్రం ఎస్ఎస్‌డీతో పాటు క్లోన్ అయి వచ్చిన పాత గ్రబ్‌నే లేపుతూ వచ్చింది. పాత కోర్‌కూ కొత్త మాడ్యూళ్లకూ అన్నాళ్లూ పొసగింది కాబట్టి ఎవరికీ తెలియలేదు. గ్రబ్_క్యాలాక్ వచ్చిన రోజున పొసగలేదు. క్లోన్ చేసిన రోజే నేను లినక్స్‌లోకి వెళ్లి డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ నడిపి ఉంటే ఆ పెట్టె నా ముందే తెరుచుకునేది.

చేసిన చికిత్స

రెండు దారులు ఉన్నాయి. ఆ పెట్టెలో రెండు డిస్కులకూ టిక్ పెట్టడం ఒకటి. అప్పుడు ప్రతి అప్‌డేట్‌లో రెండు కోర్‌లూ కలిసి మారతాయి. చాలామంది ఇదే చెబుతారు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. రెండోది, ఎస్ఎస్‌డీని పూర్తిగా విండోస్‌కు అప్పగించి, గ్రబ్‌ను హార్డ్ డిస్క్‌కే పరిమితం చేసి, బయోస్‌లో హార్డ్ డిస్క్‌ను ముందు పెట్టడం. నేను రెండోదే చేశాను. డిస్కులు రెండున్నప్పుడు ఏ డిస్క్ కాళ్ల మీద అది నిలబడాలన్నది నా పట్టుదల. హార్డ్ డిస్క్‌లు ముందు పోతాయి. అది పోయిన రోజున బాబాయ్‌కి విండోస్ అయినా రావాలి. ఎస్ఎస్‌డీలో గ్రబ్ ఉంటే, హార్డ్ డిస్క్ పోయిన రోజు మళ్లీ ఇదే రెస్క్యూ ప్రాంప్ట్ వస్తుంది.

రాసే పనికి ముందు రెండు డిస్కుల మొదటి ఎంబీని, అంటే 2048 సెక్టార్లను, డీడీతో యూఎస్‌బీలోకి తీసిపెట్టుకున్నాను. ఇలాంటి బ్యాకప్‌ను తిరిగి వేసేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. మధ్యలో పార్టిషన్లు మారి ఉంటే మొదటి సెక్టార్ మొత్తాన్ని వేయకూడదు, పాత పార్టిషన్ టేబుల్ కూడా వచ్చి పడుతుంది. మొదటి 446 బైట్లే వేయాలి.

తర్వాత ఎఫ్‌డిస్క్ జాబితాలో ఎస్ఎస్‌డీ మొదటి పార్టిషన్ ఎదురుగా బూట్ గడిలో నక్షత్రం గుర్తు ఉందో లేదో చూశాను. విండోస్ ఎంబీఆర్ కోడ్ ఆ గుర్తున్న పార్టిషన్‌నే వెతుక్కుంటుంది. గ్రబ్‌కు దానితో పని లేదు కాబట్టి, అది లేకపోయినా ఇన్నాళ్లూ ఎవరికీ తెలిసి ఉండేది కాదు. ఉంది.

కంప్యూటర్ ఆపి, క్యాబినెట్ తెరిచి, హార్డ్ డిస్క్ సాటా కేబుల్ పీకేశాను. విండోస్ రికవరీలో బూట్‌రెక్ ఫిక్స్ఎంబీఆర్ అనే కమాండ్ ఏ డిస్క్ మీద రాయాలో మనల్ని అడగదు. రెండు డిస్కులు కనిపిస్తున్నప్పుడు దాన్ని నడపడం నాకు టెన్షన్. ఒకటే ఉంటే పొరపాటుకు చోటే లేదు. విండోస్ ఇన్‌స్టాల్ యూఎస్‌బీని ఈసారి చూసుకుని, యూఈఎఫ్ఐ అని లేని పేరు మీద నొక్కి, రిపేర్ లోపలి కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ ఒక్క కమాండ్ కొట్టాను. అది పార్టిషన్ టేబుల్‌ను ముట్టుకోకుండా కోడ్‌ను మాత్రమే మారుస్తుంది. యూఎస్‌బీ తీసి రీస్టార్ట్ చేస్తే విండోస్ నేరుగా వచ్చింది, మధ్యలో ఏ మెనూ లేకుండా.

ఇప్పుడు తలకిందులుగా: ఎస్ఎస్‌డీ కేబుల్ తీసి, హార్డ్ డిస్క్ కేబుల్ పెట్టాను. గ్రబ్ మెనూ వచ్చింది, లినక్స్ తెరుచుకుంది. మెనూలో విండోస్ నొక్కితే అలాంటి డివైజ్ లేదంది. ఉండదు కదా, అదే కావాలి.

రెండూ పెట్టి బయోస్‌లోకి వెళ్లాను. ఇక్కడ ఒక చిన్న మెలిక. బూట్ వరుసలో ఒక్క హార్డ్ డిస్క్ పేరే కనిపిస్తుంది, రెండోది ఎంత వెతికినా ఉండదు. చాలా బోర్డుల్లో డిస్కుల మధ్య వరుస కోసం వేరే మెనూ ఉంటుంది, హార్డ్ డ్రైవ్ బీబీఎస్ ప్రయారిటీస్ అనే పేరుతో. అక్కడ హార్డ్ డిస్క్‌ను పైకి తెస్తేనే అసలు వరుసలో దాని పేరు వస్తుంది. కేబుల్ పీకి పెట్టినప్పుడు కొన్ని బయోస్‌లు ఈ వరుసను మరిచిపోతాయి కూడా. అందుకే ఈ పనిని చివరికి ఉంచుకున్నాను.

యూఈఎఫ్ఐ యంత్రమైతే ఈ కేసు ఇలా నడిచేది కాదు. అక్కడ మొదటి సెక్టార్‌తో పని లేదు. ఫర్మ్‌వేర్ తన ఎన్‌వీర్యామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీ) రాసుకున్న ఎంట్రీ పట్టుకుని ఈఎఫ్ఐ పార్టిషన్‌లోని ఫైలును తెరుస్తుంది. అక్కడ చూడాల్సింది ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ ఇచ్చే జాబితాను. అయితే రెండు డిస్కుల్లో రెండు ఈఎఫ్ఐ పార్టిషన్లు ఉండి, అప్‌డేట్ ఒకదానికి వెళ్తూ, ఫర్మ్‌వేర్ ఇంకోదాన్ని తెరిచే గందరగోళం అక్కడా జరుగుతుంది. డిస్క్‌ను క్లోన్ చేసి పాతదాన్ని కూడా లోపలే ఉంచేసిన యంత్రాల్లో మరీనూ, ఎందుకంటే రెండు పార్టిషన్ల ఐడీలూ ఒకటే అయిపోతాయి.

వెళ్లేముందు ఒక కాగితం మీద "పైది: విండోస్, గ్రబ్ లేదు. కిందది: లినక్స్, గ్రబ్ ఉంది. లెగసీ పద్ధతి. బూట్ మెనూకు ఎఫ్11" అని రాసి, క్యాబినెట్ మూత లోపలి వైపు అంటించాను. బాబాయ్ దాన్ని ఫోన్‌లో ఫొటో కూడా తీసుకున్నాడు.

2021 మార్చిలో గ్రబ్‌లో ఇంకో విడత లోపాలు బయటపడి మళ్లీ అప్‌డేట్లు వచ్చాయి. తమ్ముడితో చెప్పి ఆ కంప్యూటర్లో అప్‌డేట్ పెట్టించి, నేను ఫోన్‌లో ఉండగానే రీస్టార్ట్ చేయించాను. మెనూ వచ్చింది. అదే వారంలో వేరే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, రెండు డిస్కులున్న పాత డెస్క్‌టాప్. ఈసారి సింబల్ పేరు గ్రబ్_రిజిస్టర్_కమాండ్_లాక్‌డౌన్. "బూట్ మెనూ తెరిచి రెండో డిస్క్ నొక్కండి" అన్నాను. వాళ్లు నొక్కారు.